తాళం గుర్తు ఉంటే చాలా? డిజిటల్ సర్టిఫికెట్లపై పాఠకుల సందేహాలు

ఈ శీర్షికకు ఇటీవల వస్తున్న ఉత్తరాల్లో ఆన్‌లైన్ మోసాల గురించినవే ఎక్కువ. వాటిలో చాలావరకు తిరిగి తిరిగి ఒకే ప్రశ్న దగ్గరికి చేరుతున్నాయి: తెర మీద కనిపిస్తున్న పేరు నిజంగా ఆ పేరుగలవారిదేనని మనకు హామీ ఇచ్చేది ఎవరు, ఆ హామీ ఎంతవరకు? అందుకే ఈ సంచికలో డిజిటల్ సర్టిఫికెట్లకు, డిజిటల్ సంతకాలకు సంబంధించిన ఉత్తరాలనే ఎంచుకున్నాము.

ప్రశ్న: బ్యాంకు వెబ్‌సైటు తెరిచినప్పుడు అడ్రసు పక్కన తాళం గుర్తు ఉంటే భయం లేదని మా మేనల్లుడు చెప్పాడు. కానీ నాతో కలిసి పనిచేసిన ఒక మాస్టారు తాళం గుర్తు ఉన్న సైటులోనే కార్డు వివరాలు ఇచ్చి డబ్బు పోగొట్టుకున్నారు. ఇక దేనిని నమ్మాలి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

సమాధానం: మీ మిత్రుని విషయంలో తాళం గుర్తు తన పని సరిగానే చేసి ఉంటుంది. ఆ పని ఎంతవరకన్నది మనకు ఎవరూ సరిగా చెప్పకపోవడం వల్లనే ఇలాంటి నష్టాలు జరుగుతున్నాయి కనుక కొంచెం వివరంగా చెబుతాను.

వెబ్‌సైటు తెరిచిన మరుక్షణం ఆ సైటు నడిచే సర్వరు మన బ్రౌజరుకు ఒక సర్టిఫికెట్ పంపుతుంది. అందులో సైటు చిరునామా, ఆ సైటుకు చెందిన పబ్లిక్ కీ, సర్టిఫికెట్ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందన్న వివరం, జారీ చేసిన సంస్థ పేరు, చివరగా ఆ సంస్థ చేసిన డిజిటల్ సంతకం ఉంటాయి. పబ్లిక్ కీకి జతగా ప్రైవేట్ కీ అనే రహస్య సంఖ్య ఒకటి ఆ సర్వరు దగ్గర మాత్రమే ఉంటుంది. పబ్లిక్ కీ లోకమంతటికీ తెలిసినా ఇబ్బంది లేదు. దాని నుంచి ప్రైవేట్ కీని లెక్కగట్టి రాబట్టడం నేటి కంప్యూటర్లకు సాధ్యం కాదు. ప్రైవేట్ కీతో చేసిన సంతకాన్ని మాత్రం పబ్లిక్ కీతో ఎవరైనా సరిచూడవచ్చు. ఈ జంట తాళాల ఆలోచనను 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ లోకం ముందు పెట్టగా, 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అనే ముగ్గురు దానికి ఆచరణలో పెట్టదగిన గణిత రూపం ఇచ్చారు. పబ్లిక్ కీని దాని యజమాని పేరుతో జతచేసి, దానిపై ఒక నమ్మకమైన సంస్థ సంతకం చేసి ఇవ్వవచ్చని 1978లో లోరెన్ కోన్‌ఫెల్డర్ అనే విద్యార్థి అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి సమర్పించిన వ్యాసంలో ప్రతిపాదించాడు. నేటి సర్టిఫికెట్ల పుట్టుక అదే.

సర్టిఫికెట్ అందగానే బ్రౌజరు అందులోని చిరునామా మనం తెరిచిన చిరునామాతో సరిపోతున్నదా, గడువు మిగిలి ఉన్నదా, జారీ చేసిన సంస్థ సంతకం సరైనదేనా అని చూస్తుంది; ఆ తర్వాత సర్వరు తన ప్రైవేట్ కీతో సంతకం చేసి, ఆ సర్టిఫికెట్‌కు అసలు హక్కుదారు తానేనని నిరూపించుకుంటుంది. అదే సమయంలో రెండు వైపులా కలిసి ఒక తాత్కాలిక రహస్య కీని కుదుర్చుకుంటాయి. అక్కడి నుంచి మీరు టైపు చేసే ప్రతి అక్షరం ఆ కీతో మారిపోయి ప్రయాణిస్తుంది కనుక, మధ్యలో వైఫై నడిపేవాడు గానీ, ఇంటర్నెట్ సర్వీసు ఇచ్చేవాడు గానీ దానిని చదవలేడు, మార్చలేడు. ఇదంతా కన్ను మూసి తెరిచేలోగా జరిగిపోతుంది. దీనికి ఆనవాలే తాళం గుర్తు.

అయితే ఆ సర్టిఫికెట్ ఇవ్వడానికి ముందు జారీ సంస్థ ఏమి విచారించింది? చాలా సైట్ల విషయంలో ఒక్కటే: ఆ చిరునామా దరఖాస్తు చేసినవారి అధీనంలో ఉన్నదా లేదా. మీ సైటులో ఫలానా చోట ఫలానా ఫైలు పెట్టండి, లేదా మీ డీఎన్‌ఎస్ రికార్డులో (సైటు పేరు ఏ సర్వరుకు చెందినదో తెలిపే నమోదులో) ఫలానా అక్షరాల వరుస చేర్చండి అని అడుగుతారు. అది చేయగలిగితే చిరునామా వారిదేనని తేలుతుంది. ఈ పని మొత్తం యంత్రాలే చేస్తాయి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015 డిసెంబరు నుంచి అందరికీ ఇటువంటి సర్టిఫికెట్లను ఉచితంగా ఇస్తున్నది. దాని వల్ల చిన్న పత్రికలు, బడులు, స్వచ్ఛంద సంస్థలు కూడా తమ పాఠకుల గోప్యతను కాపాడగలుగుతున్నాయి కనుక అది గొప్ప మేలేనని నా అభిప్రాయం. కానీ మోసగాడు కూడా తాను కొనుక్కున్న చిరునామాకు తానే హక్కుదారు. అతనికీ సర్టిఫికెట్ వస్తుంది, అతని సైటుకూ తాళం పడుతుంది. మీ మిత్రుని కార్డు వివరాలు దారిలో ఎవరికీ చిక్కకుండా, ఎంతో భద్రంగా, నేరుగా దొంగ చేతికే చేరాయన్నమాట.

ఒకప్పుడు సంస్థ రిజిస్ట్రేషన్ పత్రాలు కూడా పరిశీలించి ఇచ్చే ఖరీదైన సర్టిఫికెట్లున్న సైట్లకు బ్రౌజర్లు ఆకుపచ్చ రంగులో కంపెనీ పేరు చూపించేవి. ఆ పేరును వినియోగదారులు గమనించడం లేదని తేలడంతో 2019లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ దానిని అడ్రసు వరుస నుంచి తీసేశాయి. తాళాన్ని చూసి జనం సైటునే నమ్ముతున్నారన్న కారణంతో 2023లో క్రోమ్ కంప్యూటర్లలో తాళం బొమ్మనే మార్చి, సెట్టింగులను సూచించే వేరొక గుర్తు పెట్టింది.

కాబట్టి చూడవలసింది చిరునామాను, అందులోనూ దాని చివరి భాగాన్ని. మొదట్లో ఉండే 'https://' దాటాక మొదటి ఏటవాలు గీత ఎక్కడ వచ్చిందో చూసి, అక్కడి నుంచి కుడి నుంచి ఎడమకు చదవాలి. 'ఫలానాబ్యాంకు.బ్యాంక్.ఇన్.కేవైసీ-నవీకరణ.కామ్' అన్న చిరునామాలో బ్యాంకు పేరు ముందే కనబడుతున్నా, అసలు యజమాని చివర ఉన్న 'కేవైసీ-నవీకరణ.కామ్' కొనుక్కున్నవాడు, ముందున్నదంతా అతడు తన ఇష్టం వచ్చినట్లు రాసుకున్నది. ఇక్కడ మన రిజర్వు బ్యాంకు తీసుకున్న ఒక నిర్ణయం మీకు ఉపయోగపడుతుంది. దేశంలోని బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా తమ సైట్లను 'బ్యాంక్.ఇన్' అన్న చివరి పేరు కిందికి మార్చుకోవాలని అది ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ పేర్లను కేటాయించే అధికారం హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీకి మాత్రమే ఇచ్చారు. 1996లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఈ సంస్థ బ్యాంకింగ్ రంగానికి డిజిటల్ సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థగా కూడా చాలాకాలంగా పనిచేస్తున్నది. బ్యాంకు కానివారికి ఆ చివరి పేరు దొరకదు కనుక, బ్యాంకు పేరు తర్వాత చుక్క, ఆ తర్వాత 'బ్యాంక్.ఇన్', దానితో చిరునామా ముగిసిందా అన్నది చూస్తే చాలు. చుక్క ఉండవలసిన చోట అడ్డగీత ఉంటే మాత్రం అది పూర్తిగా వేరే చిరునామా, 'ఫలానా-బ్యాంక్.ఇన్' వంటి పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. ఈ తేడా చిన్న తెర మీద తేలికగా దాటిపోతుంది. మెసేజీలో వచ్చిన లింకు నొక్కకుండా పాస్‌బుక్కు మీద అచ్చయిన చిరునామాను మీరే టైపు చేసి, దానిని బుక్‌మార్కు చేసుకోండి.

ప్రశ్న: సైటుకు సర్టిఫికెట్ ఇచ్చేది సర్టిఫయింగ్ అథారిటీ అని మా పాఠంలో చెప్పారు. మరి ఆ అథారిటీని నమ్మవచ్చని చెప్పేది ఎవరు? ఆ సంస్థే తప్పు చేస్తే ఏమవుతుంది?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, హనుమకొండ

సమాధానం: ఈ ఏర్పాటుకు గుండెకాయ వంటి ప్రశ్న మీది. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు అవతలివారు మనకు తెలియకపోతే, వారి ఊళ్లో మనకు తెలిసినవారెవరో వెతికి, వారి ద్వారా ఆరా తీస్తాము. సర్టిఫికెట్ల వరుస కూడా అలాగే సాగుతుంది. సైటు సర్టిఫికెట్ మీద ఒక మధ్యస్థ సంస్థ సంతకం ఉంటుంది. ఆ మధ్యస్థ సర్టిఫికెట్ మీద రూట్ అని పిలిచే మూల సర్టిఫికెట్ యజమాని సంతకం ఉంటుంది. మూల సర్టిఫికెట్ మీద మరెవరి సంతకమూ ఉండదు, తన మీద తానే సంతకం చేసుకుంటుంది. దానిని నమ్మడానికి ఆధారం మీ ఫోనులో, కంప్యూటరులో ముందే పొందుపరిచి ఉన్న ఒక జాబితా. మైక్రోసాఫ్ట్, ఆపిల్, గూగుల్, మొజిల్లా సంస్థలు ఎవరికి వారు అటువంటి జాబితాలు నిర్వహిస్తాయి. వాటిలో వందకు పైగా మూల సర్టిఫికెట్లు ఉంటాయి. అంటే మనం బ్రౌజరును ఎంచుకున్ననాడే, మనకు తెలియకుండా, ఆ జాబితాలోని వారందరినీ నమ్మడానికి ఒప్పుకున్నట్టు.

జాబితాలో చోటు దొరకడం తేలిక కాదు. ఏటా స్వతంత్ర ఆడిట్ జరగాలి. మూల సర్టిఫికెట్ ప్రైవేట్ కీని నెట్‌వర్కుకు తగలకుండా, ప్రత్యేకమైన భద్రతా పరికరంలో, కట్టుదిట్టమైన గదిలో దాచాలి. దానిని వాడవలసి వస్తే ఒక్కరి వల్ల కాకుండా పలువురు బాధ్యులు కలిస్తేనే సాధ్యమయ్యేలా ఏర్పాటు చేస్తారు. రోజువారీ జారీ అంతా మధ్యస్థ సర్టిఫికెట్లతో జరుగుతుంది. వాటిలో ఒకటి పాడైనా దానిని రద్దు చేసి మూలాన్ని కాపాడుకోవచ్చు.

ఇంత పకడ్బందీలోనూ ఒక పెద్ద లోపం ఉన్నది. జాబితాలోని ఏ సంస్థ అయినా లోకంలోని ఏ సైటు పేరు మీదనైనా సర్టిఫికెట్ ఇవ్వగలదు. అందుచేత మొత్తం భద్రత వారిలో అందరికంటే బలహీనమైన సంస్థ స్థాయికి పడిపోతుంది. 2011లో నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ అనే సంస్థ విషయంలో ఇదే జరిగింది. ఆ వేసవిలో ఒక ఆగంతకుడు దాని కంప్యూటర్లలోకి చొరబడి 500కు పైగా దొంగ సర్టిఫికెట్లు జారీ చేసుకున్నాడు. వాటిలో గూగుల్ చిరునామాలన్నిటికీ చెల్లే సర్టిఫికెట్ ఒకటి. దానిని అడ్డుపెట్టి ఇరాన్‌లోని జీమెయిల్ వినియోగదారులకూ గూగుల్‌కూ నడుమ ఎవరో కూర్చున్నారు. బాధితుల తెర మీద అంతా సవ్యంగానే కనిపించింది. తాళం గుర్తు కూడా ఉన్నది. అయితే గూగుల్ తన సైట్లకు ఏయే సంస్థల సర్టిఫికెట్లు సరైనవో క్రోమ్ బ్రౌజరులోనే ముందుగా రాసి పెట్టింది. ఆ కారణంగా ఇరాన్‌లో ఒక క్రోమ్ వినియోగదారుకు హెచ్చరిక కనిపించగా, ఆగస్టు చివరలో అతడు దానిని బయటపెట్టాడు. తర్వాత జరిపిన దర్యాప్తులో ఇరాన్‌కు చెందిన సుమారు 3 లక్షల ఐపీ చిరునామాలు (ఇంటర్నెట్‌లో ఒక్కో కనెక్షన్‌ను గుర్తించే సంఖ్యలు) ఆ దొంగ సర్టిఫికెట్ బారిన పడినట్లు తేలింది. చొరబాటు గురించి డిజినోటార్‌కు జూలైలోనే తెలుసు, కానీ లోకానికి చెప్పలేదు. బ్రౌజర్లన్నీ దానిని తమ జాబితాల నుంచి తొలగించాయి. డచ్ ప్రభుత్వ సైట్లు కూడా దాని సర్టిఫికెట్లనే వాడుతుండటంతో ప్రభుత్వం దాని నిర్వహణను చేతిలోకి తీసుకోవలసి వచ్చింది. సెప్టెంబరులోనే ఆ సంస్థ దివాలా తీసింది. నా దృష్టిలో చొరబాటు కంటే ఆ మౌనమే పెద్ద నేరం. నమ్మకాన్ని అమ్ముకుని బతికే సంస్థ తన గోడకు కన్నం పడిందని తెలిసి కూడా దాచినప్పుడు, ఆ కన్నం గుండా పోయేవి ఇతరుల ప్రాణాలు కావచ్చు.

మన దేశంలో కూడా ఇటువంటిది జరిగింది. సమాచార సాంకేతిక చట్టం 2000 ప్రకారం కేంద్ర ప్రభుత్వంలో కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ అనే అధికారి ఉంటారు. క్లుప్తంగా సీసీఏ అంటారు. దేశంలో లైసెన్సు పొందిన జారీ సంస్థలన్నిటికీ పైన సీసీఏ మూల సర్టిఫికెట్ ఉంటుంది. 2014 జూలై 2న, ఆ వరుసలో ఉన్న నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ నుంచి గూగుల్ పేరు మీద అనధికారికంగా సర్టిఫికెట్లు వెలువడినట్లు గూగుల్ గుర్తించింది. మరునాడే సీసీఏ ఆ మధ్యస్థ సర్టిఫికెట్లను రద్దు చేసింది. జారీ ప్రక్రియలోకి ఎవరో చొరబడ్డారనీ, గూగుల్ చిరునామాలకు మూడు, యాహూ చిరునామాకు ఒకటి, మొత్తం నాలుగు మాత్రమే వెలువడ్డాయనీ సీసీఏ తెలిపింది. ఆ నాలుగింటిలో లేనివి కూడా తమ కంటబడ్డాయని గూగుల్ బదులిచ్చింది. అప్పట్లో సీసీఏ మూల సర్టిఫికెట్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండటం వల్ల విండోస్ కంప్యూటర్లకు ప్రమాదం కలిగింది. మొజిల్లా జాబితాలో లేకపోవడం వల్ల ఫైర్‌ఫాక్స్ వాడేవారికి కలగలేదు. ఆ తర్వాత క్రోమ్ ఆ మూలాన్ని ప్రభుత్వ, విద్యాసంస్థల చిరునామాల వంటి ఏడు డొమైన్లకే పరిమితం చేస్తున్నట్లు ప్రకటించింది. ఒక దేశపు ప్రభుత్వ సంస్థ మీద కూడా బ్రౌజరు తయారీదారు ఆంక్ష విధించగలగడం కొందరికి కష్టంగా తోచవచ్చు. కానీ వినియోగదారు తరఫున నిలబడవలసిన బ్రౌజరుకు ఆ అధికారం ఉండవలసిందేనని నేను అనుకుంటాను.

ఈ అనుభవాల నుంచి పుట్టిన మందు సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ. 2013లో ప్రమాణంగా ప్రచురితమైన ఈ పద్ధతిలో జారీ అయిన ప్రతి సర్టిఫికెట్‌ను, చెరపడానికి గానీ వెనక తేదీ వేసి ఇరికించడానికి గానీ వీలులేని బహిరంగ చిట్టాల్లో నమోదు చేస్తారు. 2018 ఏప్రిల్ 30 తర్వాత జారీ అయిన సర్టిఫికెట్లకు ఈ నమోదు లేకపోతే క్రోమ్ అంగీకరించడం లేదు. ఈ చిట్టాలను వెతికే ఉచిత సైట్లు ఉన్నాయి. మీ కళాశాల చిరునామా ఇచ్చి చూడండి. దాని పేరు మీద ఏ సంస్థ, ఏ తేదీన, ఏయే ఉపచిరునామాలకు సర్టిఫికెట్లు ఇచ్చిందో మొత్తం వరుస మీ ముందుకు వస్తుంది. తన పేరు మీద తాను అడగని సర్టిఫికెట్ కనిపిస్తే సైటు యజమాని వెంటనే ఫిర్యాదు చేయవచ్చు. దొంగ సర్టిఫికెట్ పుట్టకుండా ఇది పూర్తిగా ఆపలేదు కానీ, పుట్టినది ఎక్కువ కాలం దాగి ఉండలేదు.

ప్రశ్న: ఆధార్ సైటు నుంచి డౌన్‌లోడ్ చేసుకున్న పీడీఎఫ్‌ను కంప్యూటరులో తెరిస్తే సంతకం ఉన్నచోట పసుపురంగు ప్రశ్నార్థకం, దాని మీద 'వాలిడిటీ అన్‌నోన్' అన్న మాటలు కనిపిస్తున్నాయి. ఒక కార్యాలయంలో ఈ కారణంగానే మా అమ్మాయి దరఖాస్తును వెనక్కి పంపారు. పత్రం నకిలీదని దీని అర్థమా?
– గృహిణి, కరీంనగర్

సమాధానం: కాదమ్మా. నకిలీదని చెప్పే గుర్తు వేరు. పత్రంపై డిజిటల్ సంతకం చేసేటప్పుడు ముందుగా ఆ పత్రంలోని సమస్తాన్నీ ఒక గణిత సూత్రంలో వేసి, హ్యాష్ అనే ఒక స్థిరమైన పొడవుగల సంఖ్యను రాబడతారు. పత్రంలో ఒక్క కామా మారినా ఈ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. ఆ సంఖ్య మీద అధికారి తన ప్రైవేట్ కీతో సంతకం చేస్తారు. మీ కంప్యూటరు అదే లెక్కను మళ్లీ వేసి, రెండు సంఖ్యలూ సరిపోయాయా అని చూస్తుంది. సరిపోకపోతే ఎర్రటి అడ్డ గుర్తు పడుతుంది. పత్రాన్ని తిరస్కరించవలసింది అప్పుడు. పసుపు ప్రశ్నార్థకం చెప్పేది మరొకటి: సంతకం చేసినవారి వరుసను పైకి అనుసరిస్తూ పోతే చేరే మూలం, ఈ సాఫ్ట్‌వేరు నమ్మే జాబితాలో లేదు. ఆ సాఫ్ట్‌వేరు విదేశీ కంపెనీది. దాని జాబితా వేరు, మన సీసీఏ కింద ఉన్న వరుస వేరు.

దీనిని సరిచేసే పద్ధతి ఇది. ఇంటర్నెట్ పనిచేస్తుండగా ఆ పీడీఎఫ్‌ను కంప్యూటరులో అడోబ్ రీడరులో తెరవండి. ప్రశ్నార్థకం మీద మౌస్ కుడి బటన్ నొక్కి 'వాలిడేట్ సిగ్నేచర్', అక్కడి నుంచి 'సిగ్నేచర్ ప్రాపర్టీస్', 'షో సైనర్స్ సర్టిఫికెట్' వరుసగా ఎంచుకుంటే కొత్త పెట్టె తెరుచుకుంటుంది. దాని ఎడమవైపు సర్టిఫికెట్ల వరుస పైనుంచి కిందికి కనిపిస్తుంది. అన్నిటికంటే పైన 'సీసీఏ ఇండియా' అన్న పేరు, దాని పక్కన సంవత్సరం ఉండాలి. ఆ పేరును ఎంచుకుని 'ట్రస్ట్' అన్న విభాగంలో నమ్మకమైన సర్టిఫికెట్ల జాబితాలో చేర్చమంటే, తర్వాత మళ్లీ సరిచూసినప్పుడు ఆకుపచ్చ టిక్కు వస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఇంటర్నెట్ సెంటర్లలో చాలామంది ఏ పేరు కనిపించినా చూడకుండా జాబితాలో చేర్చి, ఆకుపచ్చ టిక్కు తెప్పించి ప్రింటు ఇస్తుంటారు. అలా చేస్తే సరిచూడటం అన్న పనికే అర్థం లేదు. 'సీసీఏ ఇండియా' అని పేరు పెట్టుకుని ఎవరైనా తమ ఇంట్లో ఒక మూల సర్టిఫికెట్ తయారు చేసుకోవచ్చు. పేరు టైపు చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అసలైనదాన్ని గుర్తు పట్టడానికి ఆ పెట్టెలోనే వివరాల విభాగంలో ఉండే వేలిముద్ర వంటి సంఖ్యను సీసీఏ సైటులో ప్రచురించిన సర్టిఫికెట్ సంఖ్యతో పోల్చుకోవాలి.

ఇక మీ అమ్మాయి దరఖాస్తు సంగతి. డిజిటల్ సంతకం ఫైలులో మాత్రమే ఉంటుంది. ప్రింటు తీసిన కాగితం మీద మిగిలేది దాని బొమ్మ. ఆ బొమ్మలో ప్రశ్నార్థకం ఉన్నా, టిక్కు ఉన్నా, కాగితాన్ని చూసి నిజమో కాదో ఎవరూ తేల్చలేరు. టిక్కు బొమ్మను అతికించడం ఎంతసేపు? కాబట్టి ఆ కారణంతో దరఖాస్తు వెనక్కి పంపడం సరి కాదు. ఆధార్ కాగితం మీద ఉండే క్యూఆర్ కోడ్‌లోని వివరాలపై కూడా ఆధార్ సంస్థ డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంస్థ యాప్‌తో స్కాన్ చేస్తే అక్కడికక్కడే తేలిపోతుంది. మీసేవ పత్రాలనైతే వాటి మీదున్న నంబరుతో పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. ఈ రెండు మాటలూ కార్యాలయం వారికి వినయంగానే, కానీ గట్టిగా చెప్పండి.

ప్రశ్న: నేను చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ నడుపుతున్నాను. నా డిజిటల్ సంతకం ఉన్న యూఎస్‌బీ టోకెన్, దాని పాస్‌వర్డ్ మొదటి నుంచీ ఆడిటరు గారి ఆఫీసులోనే ఉంటున్నాయి. ఆయన మంచివారు. అయినా ఇది సరైనదేనా?
– వ్యాపారి, నిజామాబాద్

సమాధానం: సరైనది కాదు. ఆయన మంచితనానికీ దీనికీ సంబంధం లేదు. సంతకం చేసిన చెక్కులు ఖాళీగా వదిలి వస్తే ఎంత ప్రమాదమో మీకు తెలుసు. టోకెన్ అంతకంటే ఎక్కువ. దానితో కంపెనీ డైరెక్టర్లను మార్చే పత్రాలు, ఆస్తులను రుణానికి తాకట్టు పెట్టే పత్రాలు, జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు, టెండర్లు దాఖలు చేయవచ్చు. చట్టం దృష్టిలో అవన్నీ మీరు చేసిన సంతకాలే. ఆ ఆఫీసులో మీ టోకెన్ ఉన్న సొరుగు ఎంతమందికి అందుబాటులో ఉందో, పాస్‌వర్డ్ దాని మీదే స్టిక్కరు వేసి రాసి ఉందో లేదో ఒకసారి వెళ్లి చూడండి.

సమాచార సాంకేతిక చట్టంలోని 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేట్ కీని తన అదుపులో ఉంచుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యత సర్టిఫికెట్ పొందినవారిదే. అది పరుల పాలైందని తెలిస్తే ఆలస్యం చేయకుండా జారీ సంస్థకు తెలపాలి. ఒకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసపూరితంగా వాడినవారికి 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కానీ పాస్‌వర్డ్ మీరే ఇచ్చారని తేలితే మీ వాదన బలహీనపడుతుంది. టోకెన్ లోపల పుట్టిన ప్రైవేట్ కీ బయటికి కాపీ కాకుండా ఉండేలా ఆ పరికరాన్ని తయారు చేశారు. సర్టిఫికెట్ ఇచ్చేముందు మీ ముఖాన్ని వీడియోలో చూసి నిర్ధారించుకున్నారు. ఆ శ్రమంతా ఆ సంతకం మీదేనని లోకం నమ్మడానికి. ఇప్పుడే టోకెన్ తెచ్చుకుని పాస్‌వర్డ్ మార్చండి. దాఖలు చేయవలసిన రోజున ఆడిటరు గారు పత్రం సిద్ధం చేస్తే, మీరు చదివి, మీ చేత్తో టోకెన్ పెట్టి సంతకం చేయండి. ఆయన నిజంగా మంచివారైతే ఈ మార్పుకు సంతోషిస్తారు, ఆయన భారం కూడా తగ్గుతుంది. ఇదివరకు మీకు తెలియకుండా ఏదైనా దాఖలైందన్న అనుమానం ఉంటే ఆ సర్టిఫికెట్‌నే రద్దు చేయమని జారీ సంస్థను కోరి, కొత్తది తీసుకోండి.

ప్రశ్న: కొన్ని సైట్లు తెరిస్తే 'మీ కనెక్షన్ గోప్యంగా లేదు' అని ఎర్రటి హెచ్చరిక వస్తుంది. 'అయినా ముందుకు వెళ్లు' అని నొక్కవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

సమాధానం: పాస్‌వర్డ్ గానీ, డబ్బు గానీ, ధ్రువపత్రాలు గానీ ఇవ్వవలసిన సైటైతే నొక్కవద్దు. ముందు మీ ఫోనులో తేదీ, సమయం సరిగా ఉన్నాయేమో చూడండి. గడియారం తప్పితే మంచి సర్టిఫికెట్ కూడా గడువు తీరినట్లు కనబడుతుంది. రైల్వే స్టేషన్, హోటల్ వంటి చోట్ల వైఫైకి లాగిన్ కాకముందు కూడా ఈ హెచ్చరిక రావచ్చు. ఆ రెండూ కాకపోతే మొబైల్ డేటా మీద మరోసారి ప్రయత్నించండి. అక్కడ హెచ్చరిక రాకుండా ఆ వైఫైలో మాత్రమే వస్తుంటే ఆ వైఫైని వదిలేయండి. ప్రభుత్వ సైటు కదా అని మినహాయింపు ఇవ్వవద్దు. గడువు తీరిన సర్టిఫికెట్‌ను కొత్తది చేసుకోవడం సైటు నడిపేవారి బాధ్యత.

ప్రశ్న: సైట్ల సర్టిఫికెట్ల గడువు ఏటేటా తగ్గిస్తున్నారు. నాలాంటి చిన్న డెవలపర్లకు ఇది భారం కాదా?
– వెబ్ డెవలపర్, హైదరాబాద్

సమాధానం: చేత్తో మార్చుకునేవారికి భారమే. 2020 సెప్టెంబరు నుంచి 398 రోజులకు మించి ఇవ్వడం లేదు. బ్రౌజరు సంస్థలు, జారీ సంస్థలు కలిసి ఉండే వేదిక 2025 ఏప్రిల్‌లో చేసిన నిర్ణయం ప్రకారం గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులకు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు తగ్గుతుంది. కారణం న్యాయమైనదే: దొంగతనమైన కీకి చెందిన సర్టిఫికెట్‌ను రద్దు చేసినా ఆ కబురు అన్ని బ్రౌజర్లకూ నమ్మకంగా చేరడం లేదు, దానంతట అది త్వరగా చచ్చిపోవడమే మేలు. ఏసీఎంఈ అనే పద్ధతిలో సర్వరే సర్టిఫికెట్ తెచ్చుకుని మార్చుకునే ఏర్పాటు ఇప్పుడే చేసుకోండి. మారిన తర్వాత వెబ్ సర్వరు కొత్త సర్టిఫికెట్‌ను చదువుకున్నదో లేదో సరిచూసే చిన్న పర్యవేక్షణ కూడా పెట్టుకోండి. ఏర్పాటు ఉన్నా సైట్లు ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. నేను వీలునామా రాసి డిజిటల్ సంతకం చేసి అతనికి మెయిలు చేస్తే చెల్లుతుందా?
– విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

సమాధానం: చెల్లదు. సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ సంతకానికి చేతి సంతకంతో సమానమైన గుర్తింపు ఇచ్చినా, కొన్ని పత్రాలను మొదటి షెడ్యూలులో మినహాయించింది. వీలునామా వాటిలో ఒకటి. కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వారి చేత కూడా సంతకాలు చేయించండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చేయించుకుంటే మీ అబ్బాయికి తర్వాత నిరూపించుకోవడం సులువవుతుంది. అతనికి స్కాన్ ప్రతి పంపి, అసలు ప్రతి ఎక్కడ ఉన్నదో చెప్పి ఉంచండి.